కంప్యూటర్ అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలి?

కంప్యూటర్ ఆగిపోయిందంటే లోపల ఏదో చెడిపోయిందనుకుంటాం. వ్యాపార సంస్థల్లో వాడే కంప్యూటర్లలో చాలాసార్లు జరిగేది వేరు. యంత్రం బాగానే ఉంటుంది, ప్రోగ్రామూ బాగానే ఉంటుంది. ఆ ప్రోగ్రాము మధ్యలో ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది. ఆ ప్రశ్న ఎవరి కంటా పడకపోతే గంటల తరబడి పని అలాగే నిలిచిపోతుంది. ఇంతకీ కంప్యూటర్ తన ప్రశ్నను ఎక్కడ పెడుతుంది? అది మనకు ఎలా చేరుతుంది? దారిలో ఎక్కడెక్కడ చిక్కుకుంటుంది? ఈ సంగతులు తెలుసుకోవటానికి ఏఎస్/400 అనే కంప్యూటర్ చక్కటి ఉదాహరణ.

మధ్యతరహా కంప్యూటర్

బల్లమీద పెట్టుకునే పర్సనల్ కంప్యూటర్‌కూ, బ్యాంకుల కేంద్ర కార్యాలయాల్లో ఉండే మెయిన్‌ఫ్రేమ్‌కూ నడుమ ఉండేవాటిని మధ్యతరహా కంప్యూటర్లు అంటారు. ఐబీఎం కంపెనీ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, రోచెస్టర్ పట్టణంలో రూపొందించిన ఏఎస్/400ను 1988 జూన్‌లో ప్రకటించింది. 1978లో ప్రకటించిన సిస్టమ్/38 దీనికి ముందు తరం. తర్వాత పేర్లు మారుతూ వచ్చి, 2008 నుంచి దీని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఐబీఎం ఐ అంటున్నారు. పేరు మారినా మనం చెప్పుకోబోయే ఏర్పాటు ఈనాటికీ అలాగే ఉంది.

ఒక కంప్యూటర్‌కు ఎన్నో టెర్మినళ్ళు కలిపి ఉంటాయి. టెర్మినల్ అంటే తెర, కీబోర్డు మాత్రమే ఉన్న పనిచోటు. దీన్నే వర్క్‌స్టేషన్ అంటారు. తొలిరోజుల్లో 5250 జాతి టెర్మినళ్ళను ట్విన్‌యాక్స్ అనే తీగతో కలిపేవారు. ఒక్కో తీగపై ఏడు పరికరాల దాకా వరుసగా తగిలించవచ్చు. ఇప్పుడు ఆ పనిని పర్సనల్ కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాములే చేస్తున్నాయి.

ప్రతి టెర్మినల్‌కూ ఒక తపాలా పెట్టె

మీ ఇంటి గుమ్మానికి తపాలా పెట్టె ఉందనుకోండి. మీరు ఇంట్లో లేకపోయినా ఉత్తరాలు అందులో పడుతూనే ఉంటాయి. ఏఎస్/400లో మెసేజ్ క్యూ, అంటే సందేశాల వరుస, ఇలాంటిదే. ఒక టెర్మినల్ వివరాలను కంప్యూటర్‌లో నమోదు చేయగానే, అదే పేరుతో ఒక మెసేజ్ క్యూ కూడా ఏర్పడుతుంది. కంప్యూటర్ వాడే ప్రతి మనిషికీ విడిగా మరొకటి ఉంటుంది. మొత్తం యంత్రాన్ని కనిపెట్టి ఉండే సిస్టమ్ ఆపరేటర్‌కు క్యూసిస్‌ఓపీఆర్ అనే ప్రత్యేకమైన వరుస ఉంటుంది.

ఇందులో పడే సందేశాలు ముఖ్యంగా రెండు రకాలు. 'మీ జాబితా అచ్చు పూర్తయింది' అనేది సమాచారం. చదివి ఊరుకోవచ్చు. 'ప్రింటర్‌లో కాగితం మార్చాలి, మార్చారా?' అనేది ప్రశ్న. దీనికి జవాబు వచ్చేదాకా అడిగిన ప్రోగ్రాము కదలదు. ప్రతి సందేశానికీ 0 నుంచి 99 దాకా తీవ్రతను తెలిపే అంకె కూడా ఉంటుంది.

వరుసలో పడిన సందేశం మనకు ఎలా తెలియాలో నిర్ణయించే పద్ధతులు నాలుగున్నాయి. 'హోల్డ్' పద్ధతిలో సందేశం చప్పుడు చేయకుండా పడి ఉంటుంది, మనమే వెళ్ళి చూసుకోవాలి. 'నోటిఫై' పద్ధతిలో గంట మోగి, తెరపై సందేశం వచ్చిన గుర్తు వెలుగుతుంది. 'బ్రేక్' పద్ధతిలో చేస్తున్న పనిని ఆపి సందేశమే తెరమీదికి వస్తుంది. నాలుగోది 'డిఫాల్ట్'. ఇందులో ప్రశ్న ఎవరినీ అడగదు. ముందే రాసి ఉంచిన జవాబును కంప్యూటరే చెప్పేసుకుంటుంది.

చిక్కు ఎక్కడుంది?

ఇక లోపాల సంగతి చూద్దాం. వైద్యుడు రోగిని ప్రశ్నలడిగినట్టు, ఒక వరుసలో నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు కారణం దొరుకుతుంది.

మొదటి ప్రశ్న: సందేశం అసలు రాలేదా, వచ్చినా కనిపించలేదా? 'డిస్‌ప్లే మెసేజ్' ఆదేశం ఇచ్చి వరుసను తెరిచి చూడండి. సందేశం అక్కడే ఉంటే లోపం పంపటంలో లేదు. వరుస హోల్డ్ పద్ధతిలో ఉండి ఉంటుంది. లేదా బ్రేక్ పద్ధతికి పెట్టిన తీవ్రత హద్దు ఎక్కువగా ఉండి ఉంటుంది. హద్దు 50 అని పెడితే 40 తీవ్రత ఉన్న సందేశం తెరమీదికి దూసుకురాదు. 'ఛేంజ్ మెసేజ్ క్యూ' ఆదేశంతో పద్ధతినీ, హద్దునూ మార్చవచ్చు.

రెండో ప్రశ్న: ఈ వరుసను ఇంకెవరైనా పట్టుకుని ఉన్నారా? బ్రేక్ లేదా నోటిఫై పద్ధతిలో ఉన్న వరుస ఒక సమయంలో ఒక్క జాబ్‌కే చెందుతుంది. జాబ్ అంటే కంప్యూటర్ దృష్టిలో ఒక పని. ఒకే యూజర్ పేరుతో ఇద్దరు రెండు టెర్మినళ్ళలో లోపలికి వస్తే, రెండోవారికి 'మెసేజ్ క్యూ మరో జాబ్‌కు కేటాయించి ఉంది' అనే సందేశం ఎదురవుతుంది. దీని సంఖ్య సీపీఎఫ్ 2451. తీగ తెగి టెర్మినల్ ఆగిపోయినా పాత జాబ్ ఇంకా ముగియకపోతే, ఆ టెర్మినల్ వరుస విషయంలోనూ ఇదే జరగవచ్చు. ఇలాంటప్పుడు 'వర్క్ విత్ ఆబ్జెక్ట్ లాక్స్' అనే ఆదేశం పట్టుకున్న జాబ్ ఏదో చూపిస్తుంది. జాబ్‌కు సంఖ్య, యూజర్ పేరు, జాబ్ పేరు అని మూడు భాగాలుంటాయి. టెర్మినల్ దగ్గర నడిచే జాబ్‌కు టెర్మినల్ పేరే జాబ్ పేరు. కాబట్టి ఏ బల్ల దగ్గరికి వెళ్ళాలో ఇట్టే తెలుస్తుంది. దాన్ని ముగించే ముందు అక్కడ ఎవరైనా నిజంగా పని చేస్తున్నారేమో కనుక్కోవాలి.

మూడో ప్రశ్న: వరుస నిండిపోయిందా? నెలల తరబడి ఎవరూ ఉత్తరాలు తీయకపోతే తపాలా పెట్టె నిండిపోతుంది కదా! అలాగే వరుసను ఇంక పెంచటం వీలుకానప్పుడు సీపీఎఫ్ 2460 వస్తుంది. 'క్లియర్ మెసేజ్ క్యూ' ఆదేశంతో శుభ్రం చేయాలి. ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం ఉంది. దాని గురించి ఒక్క నిమిషంలో చెప్పుకుందాం.

నాలుగో ప్రశ్న: వరుస అసలు ఉందా? సీపీఎఫ్ 2403 వస్తే ఆ పేరుతో వరుస దొరకలేదని అర్థం. పేరులో అక్షరం తప్పి ఉండవచ్చు, వేరే లైబ్రరీలో వెతికి ఉండవచ్చు, వరుసను ఎవరో తొలగించి ఉండవచ్చు. టెల్నెట్ ద్వారా వచ్చే టెర్మినళ్ళతో ఇంకో తికమక ఉంది. వాటికి కంప్యూటర్ అప్పటికప్పుడు ఖాళీగా ఉన్న పేరు ఇస్తుంది. ఉదయం మీకు వచ్చిన పేరు సాయంత్రం మరొకరికి పోవచ్చు. ఆ పేరుకు పంపిన సందేశం వారికే చేరుతుంది. టెర్మినల్‌కు స్థిరమైన పేరు పెట్టుకుంటే, లేదా మనిషి పేరున ఉన్న వరుసకు పంపితే ఈ బాధ ఉండదు.

ఒక్క తుడుపుతో ఏం పోతుంది?

ఒక మందుల టోకు వ్యాపార సంస్థను ఊహించుకోండి. రాత్రి బిల్లులు తయారుచేసే జాబ్ నడుస్తోంది. ఏఎస్/400లో ఫైలును మామూలు కొలతలతో సృష్టిస్తే మొదట 10,000 రికార్డులకు చోటుంటుంది. నిండితే వెయ్యి చొప్పున మూడుసార్లు పెరుగుతుంది. మొత్తం 13,000. ఆ తర్వాతి బిల్లు దగ్గర జాబ్ ఆగి, ఆపరేటర్ వరుసలో ప్రశ్న వేస్తుంది: రద్దు చేయమంటారా, ఇంకొంత చోటిచ్చి కొనసాగించమంటారా? దీని సంఖ్య సీపీఏ 5305. పని చేస్తున్న జాబ్‌ల జాబితాలో ఆ జాబ్ ఎదురుగా ఎంఎస్‌జీడబ్ల్యు అని కనిపిస్తుంది. సందేశానికి జవాబు కోసం ఆగి ఉందని అర్థం.

ఇప్పుడు ఎవరో, వరుస నిండా చెత్త ఉందని మొత్తం తుడిచేశారనుకుందాం. జవాబివ్వని ప్రశ్నను తీసేస్తే, దాన్ని అడిగిన ప్రోగ్రాముకు ముందే రాసి ఉంచిన జవాబు వెళ్ళిపోతుంది. ఇలాంటి లోపాల ప్రశ్నలకు ఆ జవాబు తరచు 'రద్దు' అనే ఉంటుంది. జాబ్ నడిమధ్యలో ముగిసిపోతుంది. కొన్ని బిల్లులు తయారయ్యాయి, కొన్ని కాలేదు. తెల్లవారి అదే జాబ్‌ను మొదటినుంచీ నడిపితే, ప్రోగ్రాములో జాగ్రత్త తీసుకోనప్పుడు కొన్ని దుకాణాలకు రెండేసి బిల్లులు పోతాయి. డిఫాల్ట్ పద్ధతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయినా ఫలితం ఇదే.

అందుకే శుభ్రం చేసే ఆదేశంలో, జవాబివ్వని ప్రశ్నలను ఉంచి మిగిలినవి మాత్రమే తీసేయమని చెప్పే వీలు కల్పించారు. దాన్నే వాడాలి. ప్రశ్నకు జవాబిచ్చే ముందు, కర్సర్‌ను సందేశం మీద ఉంచి సహాయం కీ నొక్కితే, కారణమూ ఒక్కో జవాబు ఫలితమూ వివరంగా కనిపిస్తాయి. చదవటానికి పట్టేది ఒక నిమిషం. తప్పు జవాబును సరిదిద్దటానికి ఒక రోజు పట్టవచ్చు.

రోజూ వచ్చే కొన్ని ప్రశ్నలకు జవాబు ఎప్పుడూ ఒకటే అయితే, వాటిని సిస్టమ్ జవాబుల జాబితాలో చేర్చవచ్చు. కానీ ఏది యంత్రానికి వదలాలో, ఏది మనిషే చూడాలో ఆలోచించి నిర్ణయించుకోవాలి.

మీ చేతిలోని ఫోన్‌ను ఒకసారి గమనించండి. చప్పుడు లేని సందేశాలు, మోగే సందేశాలు, తెరను ఆక్రమించే సందేశాలు అందులోనూ ఉన్నాయి కదూ! హోల్డ్, నోటిఫై, బ్రేక్ పద్ధతులు వాటికి దగ్గరి చుట్టాలే. ఏ సందేశం ఏ పద్ధతిలో రావాలో మీరే ఎంచుకుని చూడండి. ముఖ్యమైన కబురు మౌనంగా పడి ఉంటే వచ్చే నష్టమూ, పనికిరాని కబుర్లు మాటిమాటికీ అడ్డుపడితే కలిగే విసుగూ మీకే తెలుస్తాయి. ఈ రెంటికీ నడుమ తూకం నిలపటమే ఆపరేటర్ పనిలో సగం నేర్పు.