మీకు తెలుసా? షుగర్ ఇంజెక్షన్ సంగతి మత్తు డాక్టరుకీ చెప్పాలి

షుగర్‌కి వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. దీంతో మత్తు డాక్టరుకేం పని అంటారా? చిక్కంతా ఆపరేషన్ బల్ల మీదే. రాత్రి నుంచి ఏమీ తినకున్నా కడుపులో తిండి మిగిలి ఉండొచ్చు. మత్తులో ఉన్నవాళ్లకి దగ్గు రాదు, మింగుడూ పడదు; ఆ తిండి పైకి తన్ని శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా దాకా పోవచ్చు. అరుదే, కానీ ప్రమాదకరం. అమెరికా ఎఫ్‌డీఏ 2024 నవంబరులో సెమాగ్లుటైడ్ తరగతి మందుల లేబుళ్లపై ఈ హెచ్చరిక చేర్చింది. లిరాగ్లుటైడ్, టిర్జెపటైడ్‌లూ ఇందులోవే. ఎండోస్కోపీకి గాఢంగా మత్తిచ్చినా ఇదే జాగ్రత్త. ‘బరువు తగ్గడానికేగా వాడుతున్నా’ అని దాచేవాళ్లూ ఉంటారు, దాచకండి. అలాగని డాక్టరుని అడగకుండా సొంతంగా మానేయకండి.