అలాస్కా తీరమున ఓడ ప్రయాణము



ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో అమెరికాలో కొడుకో కూతురో గల యిండ్లు నేడు చాల గ్రామములందు గలవు. ఆ బిడ్డలు తల్లిదండ్రులను వేసవిలో పిలిపించుకొని, కొన్ని నెలలు తమ యొద్ద నుంచుకొని, చూడదగిన చోట్లు చూపుట వాడుకయైనది. ఇటీవల ఆ చోట్లలో అలాస్కా కూడ చేరినది. "నాయనా, అమ్మా, పిల్లలను కూడ తీసికొని వారము దినములు ఓడలో తిరిగి వత్తము" అని బిడ్డ అడుగును. అడిగినంతనే పెద్దలకు మూడు సందేహములు పుట్టును. ఈ వయసున సముద్రము పడునా? మన తిండి దొరకునా? అంత సొమ్ము పెట్టి చూడదగినదేమున్నది? మూడును తగిన ప్రశ్నలే. కావున ఆ ఓడ యెట్టిది, రేవులలో దిగి చూచునవి యేవి, ఎచ్చట జాగ్రత్త పడవలెను అను సంగతులు నేడు విన్నవించెదను.

మన తాతల కాలమున ఓడ యనగా రంగము ఓడయే. మద్రాసు, కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఎక్కి, పైతట్టు మీద చాప పఱచుకొని, వాంతులతో దినములు లెక్కించుకొనుచు బర్మాకు పోయినవారు కూటి కొఱకు పోయిరి. ఇప్పుడు చెప్పుచున్న ఓడ అట్టిది కాదు. ఇది ఎక్కడికో చేర్చు ఓడ గాక, బయలుదేరిన రేవునకే తిరిగివచ్చు విహారనౌక. దాని పొడవు సుమారు వేయి అడుగులు. అందు మూడు నాలుగు వేల మంది యాత్రికులును, వారికి ఊడిగము చేయుటకు వేయికి పైబడిన పనివారును ఉందురు. ఆత్మకూరు పట్టణమున ఒక పేటను గోడలతో సహా పెకలించి నీటి మీద నుంచిన చందమున నుండును.

అలాస్కా మునుపు రష్యా చక్రవర్తి సొత్తు. 1867వ సంవత్సరమున అమెరికావారు దానిని 72 లక్షల డాలర్లకు కొనిరి. 1959లో అది వారి 49వ రాష్ట్రమయ్యెను. వైశాల్యమున మన దేశములో సగమునకు కొంచెము మించును గాని, జనసంఖ్య ఏడున్నర లక్షలకు లోపే. ఓడలు చూపునది దాని దక్షిణపు తోక మాత్రమే. అచ్చట ప్రధాన భూమికిని, దానికి కావలి కాయుచున్నట్లున్న వందలాది దీవులకును నడుమ ఒక నీటిదారి గలదు. దీవులు పెద్ద అలలను అడ్డగించుటచేత ఆ దారిలో ఓడ చాలవఱకు చెఱువులో తెప్పవలె సాగును. సియాటిలు నుండి బయలుదేరిన ఓడ ఒకటి రెండు దినములు బహిరంగ సముద్రమున పోవలసి యుండును. తల తిరుగుట ఉన్నచో అప్పుడే. అట్టివారు ఓడ నడుమ భాగమున, క్రింది అంతస్తులో గది తీసికొనుట మేలు. ఊపు అచ్చట తక్కువ.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. చాల కుటుంబములు దీనిని కడపట తలచి చిక్కులు పడును. అమెరికా శాసనము ఒకటి 1886 నుండి అమలులో నున్నది. అన్యదేశపు జెండా గల ఓడ అమెరికా రేవున మనుష్యులను ఎక్కించుకొని, నడుమ వేఱొక దేశపు రేవు తాకకుండ మరల అమెరికా రేవున దింపరాదు. విహారనౌకలు దాదాపుగా అన్నియు అన్యదేశపు జెండాలవే. అందుచేత సియాటిలు నుండి పోవు ఓడ కెనడాలోని విక్టోరియా వంటి రేవున కొన్ని గంటలు నిలుచును. కొన్ని ఓడలు కెనడాలోని వాంకూవరు నుండియే బయలుదేరును. విక్టోరియాలో ఓడ నిలుచునది సాయంకాలము నాలుగైదు గంటలే కావచ్చును, మీరు దిగకుండ గదిలో పండుకొన్నను పండుకొనవచ్చును. అయినను భారతదేశపు పాస్‌పోర్టు గలవారికి కెనడా వీసా కావలయును. మఱియు ఓడ కెనడా తాకి తిరిగివచ్చునపుడు మీరు అమెరికాలో మరల ప్రవేశించుచున్నట్లే లెక్క. కనుక అమెరికా వీసా పలుమారులు ప్రవేశించుటకు చెల్లునదై యుండవలెను. బిడ్డలకు అచ్చటి పౌరసత్వమో స్థిరనివాసపు పత్రమో ఉన్నందున వారికి ఈ అవసరము తోచదు. టిక్కెట్లు కొని, రేవునకు పోయి, ముసలివారిని మాత్రము ఒడ్డున నిలుపుట కంటె దుఃఖకరమైనది ఏమున్నది? డబ్బు చెల్లించుటకు పూర్వమే కెనడా వీసా సంగతి బిడ్డలను అడుగుడు. అడుగుటకు మొగమాటపడవలదు.

ఓడ యెక్కిన నాడు మొదటి పని ప్రాణరక్షణ పాఠము. ఏడు పొట్టి కూతలును ఒక పొడుగు కూతయు వినబడినచో అది ఆపద గుఱుతు. అప్పుడు ఎవరు ఎచ్చట చేరవలెనో ముందే చూపుదురు. 1912లో టైటానిక్ మునిగిన పిమ్మట దేశములన్నియు కూడి 1914లో చేసికొన్న ఒడంబడిక నుండి ఇట్టి నియమములు పెరిగినవి. "ఇది పిల్లల ఆట" యని కొందఱు గదిలో కూర్చుందురు. ఈ అలాస్కా జలములలోనే 1918 అక్టోబరులో ప్రిన్సెస్ సోఫియా యను పొగయోడ స్కాగ్వే నుండి బయలుదేరి, మంచు తుపానులో ఒక రాతిగట్టు నెక్కి దాదాపు రెండు దినములు నిలిచెను. సాయమునకు వచ్చిన పడవలు చుట్టునుండెను గాని, గాలి తగ్గిన పిమ్మట దింపుదమని ఓడవారు వేచియుండిరి. గాలి హెచ్చెను. ఓడ మునిగి 340 మందికి పైగా చనిపోయిరి, ఒక్కరును బ్రదుకలేదు. నేడు ఆ జలములెఱిగిన స్థానికుడైన మార్గదర్శి ఓడ మీదికి వచ్చి దారి చూపును, రాళ్లను కనిపెట్టు యంత్రములున్నవి. అయినను ఆ పాఠమునకు పది నిమిషములు పోయిన నష్టము లేదు.

తిండి మాట. ఓడలో ఆకలి యను మాట వినబడదు. ఉదయము మొదలు అర్ధరాత్రి దనుక వరుసగా వంటకములు పేర్చియుందురు. చిక్కు ఆకలి కాదు, ఎఱుక. ఏ సూపులో ఏ మాంసపు రసము కలిసినదో కంటికి తెలియదు. గోవును తినని వారును, పందిని తినని వారును మన ఉదయగిరిలో పొరుగిండ్లనే యున్నారు. ఇరువురును ఒక్కటే ప్రశ్న అడుగవలసి వచ్చును. శాకాహారము, భారతీయ భోజనము కావలెనని ముందే వ్రాయించినయెడల రాత్రి భోజనశాలలో పప్పు, కూర, అన్నము చేసి పెట్టుదురు. వంటవారిలోను వడ్డించువారిలోను మన దేశస్థులు తఱచుగా కనబడుదురు. కారము మాత్రము ఆశింపవలదు. నాలుగు దినములు గడచునప్పటికి, ఇంటినుండి తెచ్చిన చింతకాయ పచ్చడి సీసా బంగారమగును. అయితే దానిని ఓడలోనికి రానిత్తురో లేదో ముందే కనుగొనవలెను. పంచె కట్టుకొని భోజనశాలకు పోయినను తప్పు లేదు గాని, పైతట్టున వీచు గాలికి పంచె నిలువదు. జూలైలో కూడ పగలు పదునేడు పదునెనిమిది డిగ్రీలే. ఉన్ని చొక్కా, వాన కోటు, జాఱని చెప్పులు తప్పవు.

ఇంకొక వింత. జూనులో అచ్చట ప్రొద్దు పదునెనిమిది గంటలుండును. రాత్రి పది గంటలకు గాని సూర్యుడు క్రుంకడు, తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ముందే వచ్చి కూర్చుండును. సంధ్య వార్చువారికిని నమాజు చేయువారికిని గడియారము తప్ప గతి లేదు.

రేవులలో జూనో మొదట చెప్పదగినది. ఇది అలాస్కా రాజధాని. అయినను బయటినుండి దీనికి బాట లేదు. విమానముననో ఓడలోనో చేరవలెను. ఊరికి పండ్రెండు మైళ్ల దూరమున మెండెన్‌హాల్ అను మంచునది కొండలనుండి దిగివచ్చును. మంచునది యనగా ఏటేట కురిసిన మంచు పేరి, తన బరువునకు తానే గట్టిపడి, పల్లమునకు మెల్లగా ప్రాకునది. నిలిచియున్నట్లు కనబడును గాని నడచుచునే యుండును. అది నీలముగా నుండుటకు కారణమేమనగా, గట్టిపడిన మంచు వెలుతురులోని ఎఱుపును మ్రింగి నీలమును విడుచును. ఆ నది ఏటేట వెనుకకు పోవుచున్నది. దాని ప్రక్క లోయలో నిలిచిన కరగు నీరు 2011 నుండి ఒక్కసారిగా కట్ట తెగినట్లు వచ్చి పడుచున్నది. 2023 ఆగస్టు వరదలో ఏటి ఒడ్డున ఇండ్లు కూలినవి. సోమశిల గేట్లు ఎత్తిన నాడు పెన్న ఒడ్డువారు పడు గుబులు జూనోవారికి చెప్పనక్కఱలేదు.

జూనోలో చిన్న పడవలలో పోయి తిమింగలములను చూతురు. నలువది అడుగులకు మించిన ఈ జంతువులు చలికాలమున వెచ్చని హవాయి నీళ్లకు పోయి, అచ్చట ఈని, వేసవిలో మేతకు అలాస్కాకు తిరిగివచ్చును. కొన్నిమార్లు నాలుగైదు కూడి నీటి క్రింద వలయముగా తిరుగుచు గాలిబుడగలు విడుచును. ఆ బుడగల గోడలో చేపలు చిక్కుకొనును. అన్నియు నోళ్లు తెఱచుకొని ఒక్కసారి పైకి లేచును. వల లేకుండ వల వేయుట యిది. సంచి మోయలేనివారు కూడ కూర్చుండి చూడవచ్చును గనుక పెద్దలకు ఇది తగిన విహారము.

స్కాగ్వేలో రైలు గలదు. 1896లో కెనడాలోని క్లోండైకు ఏటి ప్రాంతమున బంగారము దొరకెనని విని వేలమంది ఈ రేవున దిగిరి. ఒక్కొక్కరును ఏడాదికి చాలు సంభారము, ఒక టన్ను బరువు, తెచ్చుకొననిదే కెనడా పోలీసులు ఎల్ల దాటనీయలేదు. ఆ బరువు మోసి కొండదారిలో మూడు వేల గుఱ్ఱములు చచ్చెనని చెప్పుదురు. 1898లో మొదలుపెట్టి 1900లో ముగించిన మూడడుగుల సన్నపట్టాల రైలు ఇరువది మైళ్లలో సుమారు మూడు వేల అడుగులు ఎక్కును. అది మన ఉదయగిరి దుర్గమంత ఎత్తు. దుర్గము మెట్లెక్కి మోకాళ్లు పట్టుకొన్నవారికి ఈ రైలు ఎంత సుఖమో వేఱుగ చెప్పవలెనా!

గ్లేసియర్ బే అను అఖాతమున ఓడ నిలుచును గాని ఎవరును దిగరు. ప్రభుత్వపు వనపాలకులే ఓడ మీదికి వచ్చి వివరింతురు. 1794లో ఆంగ్ల నావికుడు వాంకూవరు పరివారము చూచినప్పుడు ఆ అఖాతము దాదాపు అంతయు మంచుతో నిండియుండి, అయిదు మైళ్లు మాత్రమే నీరుండెను. నేడు మంచు అఱువదియైదు మైళ్లు వెనుకకు జరిగినది. ఓడ పోవు దారియంతయు నాడు మంచుగడ్డయే. చివర మంచుగోడ నుండి తునుకలు విఱిగి నీట పడునప్పుడు ఉఱుము వంటి ధ్వని పుట్టును. ఈ యాత్రలో దీనికి సాటి మఱొకటి లేదని నా తలంపు. దీనికి వేఱుగ డబ్బు చెల్లింపనక్కఱలేదు. దుప్పటి కప్పుకొని వసారాలో కూర్చుండిన చాలును.

కెచికాన్‌లో వాన మిక్కిలి. ఏటికి సుమారు నూటయేబది అంగుళములు. మన మెట్టవారు వినినచో నమ్మరు. అచ్చట త్లింగిట్ అను ఆదివాసుల దేవదారు స్తంభములు చూడవలెను. కాకి, గ్రద్ద, ఎలుగుబంటి రూపములు ఒకదానిపై నొకటి చెక్కిన ఆ స్తంభములను చూచి విగ్రహములనుకొందురు. అవి పూజకు కావు. వంశచరిత్రలను కఱ్ఱపై నిలిపిన శాసనములు. ఆ జాతివారు కాకివారనియు గ్రద్దవారనియు రెండు తెగలు. కాకివారు కాకివారిని పెండ్లాడుట ఆచారము కాదు, గ్రద్దతెగ నుండియే సంబంధము. మన సగోత్ర నిషేధము వంటిదే, అయితే బిడ్డలకు తల్లి తెగ వచ్చును. ఉదయగిరిలో కొండకఱ్ఱతో గరిటెలు చెక్కు పనివారు ఈ స్తంభముల యొద్ద ఒక దినమెల్ల నిలువగలరు.

రేవున దిగినప్పుడు కాలము గుఱించి ఒక హెచ్చరిక. అలాస్కా గడియారము సియాటిలు గడియారము కంటె ఒక గంట వెనుక. ఓడ యే వేళను పాటించుచున్నదో అడిగి తెలిసికొనవలెను. ఓడవారే ఏర్పఱచిన విహారమునకు పోయి ఆలస్యమైనచో ఓడ కాచుకొనును. మీరుగా బండి మాట్లాడుకొని పోయి ఆలస్యమైనచో కాచుకొనదు. స్వంత ఏర్పాటు చవుకయే గాని, రెండు గంటల ముందుగా తిరిగిరాగల చోట్లకే పోదగును. ఒకే దినమున పలు ఓడలు వచ్చి వేలమంది దిగుట వలన ఊరివారును విసుగుచున్నారు. ముప్పదిరెండు వేల జనము గల జూనో, ఓడల కంపెనీలతో ఒప్పందము చేసికొని, 2024 నుండి దినమునకు అయిదు పెద్ద ఓడలనియు, 2026 నుండి దినమునకు పదునాఱు వేల పడకలనియు, శనివారము పండ్రెండు వేలనియు హద్దు పెట్టినది.

ఓడలో డాక్టరు ఉండును గాని ఒకమారు చూపించుకొనిన వందల డాలర్లగును. గుండెనొప్పి వంటిది వచ్చి హెలికాప్టరుమీద ఒడ్డునకు చేర్పవలసినయెడల వేల డాలర్లు. కాబట్టి పాతరోగములను కూడ పోషించు భీమా తీసికొనుడని బిడ్డలతో గట్టిగా చెప్పవలెను. మధుమేహము, రక్తపుపోటు మందులు పది దినములకు మించి తెచ్చుకొనవలెను. చేతులు కడుగకుండ వడ్డనశాలలో ఏదియు ముట్టరాదు. వేలమంది ఒక్కకప్పు క్రింద నున్నప్పుడు వాంతులు విరేచనములు త్వరగా అంటును. ఇంకొక మాట చనువుగా చెప్పెదను. మనుమలను మీ గదిలో విడిచి బిడ్డలు రోజెల్ల తిరుగుటకు ఈ యాత్ర కాదు. ఓడలో పిల్లలను చూచుకొను ఆటశాలలు ఉచితముగా నుండును. ఆ సంగతి వారికి జ్ఞాపకము చేయుడు.

కడపటి రాత్రి పెట్టెలకు చీటీలు కట్టి గది వెలుపల పెట్టుమందురు. తెల్లవాఱునప్పటికి అవి రేవున దింపబడియుండును. మందులు, కండ్లద్దములు, పాస్‌పోర్టు, మఱునాటి చొక్కా ఆ పెట్టెలలో వేయక చేతిసంచిలో ఉంచుకొనవలెను.