‘అండర్‌మైన్’ అంటే నాశనం చేయడం కాదు

కృష్ణగిరి జిల్లాలోని మా పల్లెలో కొందరు తల్లిదండ్రులు తెలుగు బడి విషయమై అధికారులకు ఆంగ్లంలో ఒక వినతిపత్రం సిద్ధపరిచారు. వ్రాసినవాడు కళాశాల విద్యార్థి. బడిని నాశనం చేశారన్న అర్థంలో ‘డిస్ట్రాయ్’ అనే క్రియను వాడాడు. ఆ ఒక్క మాటతో వినతి వీగిపోయే ప్రమాదమున్నది. బడి తలుపులు రోజూ తెరుచుకుంటున్నాయి, హాజరుపట్టీ ఉన్నది. నాశనమెక్కడ అని అధికారి అడిగితే బదులు ఉండదు. జరిగినది వేరు. పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుని స్థానం భర్తీ కాలేదు. పాఠ్యపుస్తకాలు సగం ఏడాది గడిచాక వచ్చాయి. దీనికి తగిన ఆంగ్ల క్రియ ‘అండర్‌మైన్’.

‘అండర్’ అంటే క్రింద, ‘మైన్’ అంటే సొరంగం త్రవ్వడం. ఇది కోటల ముట్టడి నాటి మాట. గోడను ఎదుట నుండి కూల్చలేని సైన్యం దాని పునాది క్రిందికి సొరంగం త్రవ్వి, పైభారం కూలకుండా కర్రదూలాలు నిలిపేది. ఆ పైన దూలాలకు నిప్పు పెట్టేది. ఆధారం కాలిపోగానే గోడ తన బరువుకు తానే కూలేది. 1215లో ఇంగ్లండు రాజు జాన్ తిరుగుబాటుదారుల చేతిలోని రోచెస్టర్ కోట ముట్టడిలో ఈ పద్ధతినే వాడాడు. మంట బలంగా రాజుకోవడానికి 40 పందుల కొవ్వు తెప్పించాడట! కోట బురుజులో ఒక మూల కూలిపోయింది.

తరువాతి కాలంలో సొరంగంలో కర్రలకు బదులు తుపాకిమందు కూరారు. మన ‘మందుపాతర’లో ఉన్నదీ ఇదే భావం. ధాన్యం దాచే పాతరను మన పెద్దలందరూ ఎరుగుదురు. బెంగుళూరు కేంద్రంగా గల మద్రాసు సాపర్స్ దళం పేరులోని ‘సాప్’ కూడా ముట్టడిలో త్రవ్వే కందకమే. ఆ మాట సైతం క్రియగా మారి, మెల్లగా బలం హరించడమనే అర్థంలో స్థిరపడింది.

నిఘంటువులు ‘బలహీనపరచు’ అని అర్థమిస్తాయి. అది తప్పు కాదు, కాని సగమే. బలహీనత పైకి కనబడకుండా, క్రింది నుండి, క్రమక్రమంగా రావాలి. మన ‘గోతులు త్రవ్వడం’ దగ్గరిదే అయినా అందులో ఎప్పుడూ దురుద్దేశం ఉంటుంది. ఆంగ్ల క్రియకు అది తప్పనిసరి కాదు. ఏటిలో ఇసుక తోడేస్తే, వరద వంతెన స్తంభం క్రింది నేలను కోసివేస్తుంది. అదీ ‘అండర్‌మైన్’ చేయడమే. అక్కడ ఏటికి పగ ఏముంటుంది?

ఈ క్రియకు కర్మగా సాధారణంగా అధికారం, నమ్మకం, ఆత్మవిశ్వాసం, ఆరోగ్యం వంటివి వస్తాయి. పిల్లల ఎదుట తండ్రి మాటను తల్లి పదేపదే కొట్టివేస్తే ఆయన అధికారం ‘అండర్‌మైన్’ అవుతుంది. తాడు పలచబడితే ఈ మాట పనికిరాదు. మన విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు మరొకటి ఉన్నది: ‘నన్ను అండర్‌మైన్ చేయకు’ అని, తక్కువ అంచనా వేయవద్దనే భావంతో అంటారు. దానికి ‘అండర్‌ఎస్టిమేట్’ అనాలి. తక్కువ అంచనా మనసులో ఉండేది. దానివల్ల మన పునాది కదలదు.

ఇక వినతిపత్రం సంగతి. 2006 నాటి తమిళనాడు చట్టం ఒకటవ తరగతి మొదలుకొని ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసింది. అది తెలుగును నిషేధించలేదు. కనుక ఆ కుర్రవాడు మరొకచోట వ్రాసిన ‘బ్యాన్’ అనే మాటనూ కొట్టివేశాము. ‘అండర్‌మైన్’ను ఒక్కసారే వాడి, దాని వెంటనే ఉపాధ్యాయుని స్థానం ఖాళీ అయిన తేదీ, పుస్తకాలు అందిన తేదీ వ్రాశాము. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెప్పే రాజ్యాంగం 350ఎ అధికరణాన్ని చివరన చేర్చాము. సంతకాలు చేయవలసిన ఇండ్లు ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి.