ఓటు అనే సాక్ష్యం – వార్తను విచారించే బాధ్యత

న్యాయస్థానంలో బోనెక్కిన వ్యక్తి తాను ఎరుగని విషయాన్ని ఎరిగినట్లు చెబితే, అతని ఉద్దేశం ఎంత మంచిదైనా అది తప్పుడు సాక్ష్యమే అవుతుంది. దైవప్రవక్త (స) ఘోరపాపాలను పేర్కొంటూ, అబద్ధసాక్ష్యం ప్రస్తావన వచ్చేసరికి, అంతవరకు ఆనుకొని ఉన్నవారు లేచి కూర్చొని ఆ మాటనే మళ్లీ మళ్లీ పలికారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఇక ఆపితే బాగుండునని సహచరులు మనసులో అనుకొనేంతవరకు ఆయన ఆ మాట పలుకుతూనే ఉన్నారట.

ఎన్నికల చర్చలో ఈ హదీసును గుర్తు చేసుకోవడానికి బలమైన కారణం ఉంది. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897–1976) తన ‘మఆరిఫుల్ ఖుర్ఆన్’ వ్యాఖ్యానంలో, మాయిదా సూరా 8వ ఆయతు సందర్భంగా, ఓటును మూడు కోణాల నుండి పరిశీలించారు. అది ఒక సాక్ష్యం: ఈ అభ్యర్థి ఈ పనికి తగినవాడు, నమ్మదగినవాడు అని ఓటరు పలికే సాక్ష్యం. అది ఒక సిఫారసు కూడా. మూడవది వకాలతు, అంటే తన తరఫున పనిచేసే అధికారాన్ని మరొకరి చేతిలో పెట్టడం. సొంత వ్యవహారంలో వకీలును తప్పుగా ఎంచుకుంటే నష్టం తనకే. ఓటు ద్వారా నియమించే వకీలు మాత్రం యావత్తు ప్రజల హక్కులపై సంతకం చేస్తాడు.

ఈ మూడింటిలో సాక్ష్యమన్న కోణమే ఇక్కడ ముఖ్యం. సాక్షికి కన్ను ఉండాలి. కానీ ఒక లోక్‌సభ నియోజకవర్గంలో సుమారు పదిహేను లక్షల మంది ఓటర్లుంటే, వారిలో అభ్యర్థిని స్వయంగా ఎరిగినవారు ఎందరు? మిగిలినవారందరికీ పత్రిక, రేడియో, టెలివిజన్, ఇప్పుడు చేతిలోని ఫోను – ఇవే కళ్లు. ఆ కళ్లను ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కుంటే సాక్ష్యం ఏమవుతుంది?

ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 2009 ఏప్రిల్ 16, 23 తేదీలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు, శాసనసభకు కలిపి పోలింగు జరిగింది. ఆ ఎన్నికలలో వార్తలకు ధర కట్టి అమ్మారన్న ఆరోపణలు ఈ రాష్ట్రం నుండే గట్టిగా వినిపించాయి. ఫిర్యాదు చేసినవారిలో రాష్ట్ర వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ ఉండడం గమనార్హం; అంటే సొంత ఇంటివారే నోరు విప్పారు. దీనిపై భారత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఒక ఉపసంఘాన్ని నియమించింది. ఆ ఇద్దరిలో కె. శ్రీనివాసరెడ్డి తెలుగు పాత్రికేయుడే. రెండవవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. వారు తమ నివేదికలో ఎత్తిచూపిన ఆనవాళ్లు సామాన్య పాఠకుడు సైతం పసిగట్టగలిగినవి. ఒకే వ్యాసం, అదే ఫొటోతో, అదే శీర్షికతో, పోటీ పత్రికలలో వేర్వేరు రచయితల పేర్లతో వెలువడింది. ఒకే పత్రికలో, ఒకే పేజీలో, ప్రత్యర్థులిద్దరూ గెలుస్తున్నట్లు వార్తలు వచ్చాయి. ‘ప్యాకేజీ’ అన్న మాటకు వాడుకలో కొత్త అర్థం స్థిరపడింది అప్పుడే.

అభ్యర్థి దీనికి ఎందుకు ఒప్పుకుంటాడు? ప్రకటన వేస్తే అది ఖర్చుల లెక్కలోకి వస్తుంది. 2009లో పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25 లక్షల రూపాయలు. వార్త రూపంలో వేయిస్తే లెక్కలో కనిపించదు. పైగా ప్రకటనను పాఠకుడు ప్రకటనగానే చూస్తాడు, వార్తనైతే నమ్ముతాడు. ఆ నమ్మకమే అసలు సరుకు. పత్రిక అమ్మింది కాగితంపై చోటును కాదు, పాఠకుని విశ్వాసాన్ని. అదీ అతనికి తెలియకుండా.

హదీసు విద్యార్థులకు ఈ నేరం పేరు కొత్తది కాదు. సరుకులోని లోపాన్ని కొనేవాని కంటపడకుండా దాచడాన్ని అరబీలో ‘తద్లీసు’ అంటారు. హదీసువేత్తలు ఈ వ్యాపార పదాన్నే తమ శాస్త్రంలోకి తీసుకొని, తాను ఎవరి నుండి విన్నాడో కప్పిపుచ్చి, పరంపర నిక్షేపంగా ఉన్నట్లు కనిపించేలా చెప్పే ఉల్లేఖకుని పనికి వాడారు. హిజ్రీ రెండవ శతాబ్దపు ఇమామ్ షుఅబా దీనిని అబద్ధానికి తోబుట్టువుగా ఎంచారు. మాట నిజమే కావచ్చు. కానీ అది ఎక్కడి నుండి వచ్చిందో దాచిపెట్టడమే దోషం. చెల్లింపు వార్తకు ఇంతకంటే చక్కని నిర్వచనం దొరకదు.

ఇంకొక చారిత్రక విషయం తరచుగా మరుగున పడుతూ ఉంటుంది. ఉల్లేఖకుల పేర్లు అడిగే అలవాటు ప్రశాంత వాతావరణంలో పుట్టలేదు. తొలిరోజులలో ఎవరూ ఇస్నాదు అడిగేవారు కారనీ, ‘ఫిత్నా’ తలెత్తిన తరువాతే మీకు చెప్పినవారి పేర్లు చెప్పండని జనం అడగసాగారనీ ఇబ్నె సీరీన్ (మరణం హి. 110) తెలిపినట్లు సహీహ్ ముస్లిం పీఠికలో ఉంది. ఆ ఫిత్నా రాజకీయ కలహమే. పాలకుడెవరు అన్న వివాదంలో వర్గాలు ఏర్పడి, ప్రతి వర్గానికీ అనుకూలమైన మాటలు పుట్టుకొస్తున్నప్పుడే ఆ సమాజం వార్తను విచారించే శాస్త్రాన్ని నిర్మించుకుంది.

ప్రెస్ కౌన్సిల్ మాత్రం దీనికి విరుద్ధంగా చేసింది. ఉపసంఘం 2010లో పూర్తి నివేదిక సమర్పిస్తే, కౌన్సిల్ అందులోని పేర్లను తొలగించి, కుదించిన ప్రతిని విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించిన తరువాత, 2011లో గానీ పూర్తి పాఠం ప్రజల ముందుకు రాలేదు. అదే సంవత్సరం అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ శాసనసభ్యురాలిని ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది. 2007 ఎన్నికలలో వార్తలరూపంలో వేయించిన ప్రచారం ఖర్చును ఆమె లెక్కలో చూపలేదన్నది అభియోగం. చట్టం పట్టుకున్నది లెక్క తప్పునే గాని, ఓటరును మోసగించిన తప్పును కాదు. చెల్లింపు వార్తను ఎన్నికల నేరంగా పరిగణించాలని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. కనుక ప్రస్తుతానికి ఈ విచారణ భారం చాలావరకు ఓటరుదే.

హుజురాత్ సూరా 6వ ఆయతు ఈ భారాన్నే విశ్వాసులపై మోపుతోంది. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించకుండా చర్యకు దిగితే, తెలియక ఒక జనసమూహానికి హాని కలిగించి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందన్నది దాని భావం. అందులో ‘వార్త’కు వాడిన పదం ‘నబఅ’. అది మామూలు కబురు కాదు, పర్యవసానం గల కబురు. ఆదేశం ‘తబయ్యను’, అంటే తేటపరచుకోండి అని. ఇమాములు హమ్‌జా, కిసాయీల పఠనంలో ఇదే చోట ‘తసబ్బతూ’ అని ఉంది. అంటే తొందరపడక నిలవండి అని. తెలుగు అనువాదంలో ఒక్క మాటకే చోటుంటుంది గాని, ఈ రెండు పఠనాలు కలిస్తేనే బాధ్యత పూర్తిగా బోధపడుతుంది. తేలేవరకు ఆగాలి, ఆగినంతసేపు విచారించాలి.

ఇక్కడ ముస్లిం ఓటరు తన విషయంలో కఠినంగా ఉండవలసిన చోటు ఒకటుంది. తన సముదాయాన్ని నిందించే వార్త వస్తే అతడు వెంటనే ఆధారం అడుగుతాడు, అది న్యాయమే. తనకు నచ్చని అభ్యర్థిపై ఘోరమైన వార్త వచ్చినప్పుడు, లేదా ఫలానా పెద్దలు ఫలానా గుర్తుకు వేయమన్నారని పోలింగు ముందురోజు రాత్రి కబురు అందినప్పుడు, అదే ప్రశ్న వేస్తున్నాడా? సాక్ష్యం తనకూ తనవారికీ వ్యతిరేకమైనా న్యాయంపై నిలవమని నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తే, ఇతరులపై ద్వేషం న్యాయాన్ని తప్పించకూడదని మాయిదా 8వ ఆయతు హెచ్చరిస్తోంది. అనుకూలమైన అబద్ధాన్ని విచారించడం ప్రతికూలమైన అబద్ధాన్ని ఖండించడం కంటే చాలా కష్టం.

ఫోనులో వచ్చే సందేశాల సంగతి మరీ విచిత్రం. పత్రికకు సంపాదకుడు, చిరునామా ఉంటాయి. పదిమంది చేతులు మారి వచ్చిన సందేశానికి మూలపురుషుడే ఉండడు. హదీసు పరిభాషలో అతడు ‘మజ్‌హూల్’, ఎవరో తెలియని ఉల్లేఖకుడు. ‘అనేకసార్లు పంపబడింది’ అన్న గుర్తు దాని ప్రామాణికతకు నిదర్శనమని భావించేవారు ఉన్నారు. నిజానికి అది పరంపర తెగిపోయిందన్న సూచన. విన్నదల్లా చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలన్న ప్రవక్త (స) హెచ్చరిక, వేలితో ఒక్కసారి నొక్కి నలభై మందికి పంపే చేతికీ వర్తిస్తుంది. చూసి నమ్మవచ్చన్న ధీమా కూడా ఇప్పుడు లేదు. మనిషి ముఖాన్నీ గొంతునూ యంత్రంతో కల్పించగల కాలమిది. ఇక జోస్యాల మాటకొస్తే, 2004లోనూ 2024లోనూ పోలింగు ముగిశాక వెలువడిన సర్వేల అంచనాలను ఓట్ల లెక్కింపు తారుమారు చేసింది. గెలిచేవారి వైపు ఒరగడమే తెలివి అనుకొనే ఓటరు ఈ రెండు సంవత్సరాలను గుర్తుంచుకోవడం మంచిది.

ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షను పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలపాటు బహిరంగ ప్రచారాన్ని నిషేధిస్తోంది. మైకులు మూగబోయే ఆ రెండు రోజులు అభ్యర్థికి విరామం. ఓటరుకు మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. అభ్యర్థి దాఖలు చేసిన ప్రమాణపత్రంలో ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలుంటాయి. దానిని తెప్పించుకొని చదవడానికి, ఆ అభ్యర్థి గత అయిదేళ్లు ఎక్కడున్నాడో ఊరిలో నలుగురిని అడగడానికి, సగం నమ్మిన వార్త ఎవరు చెప్పినదో వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఆ రెండు రోజులు సరిపోతాయి.