నడిచేవారికి దారి

మందిరానికి నడిచి వచ్చే మన వృద్ధులు పట్టణములో రోడ్డు దాటడానికి ఎంత భయపడుతున్నారో మనము చూస్తూనే ఉన్నాము. నెదర్లాండ్స్ దేశములోని గ్రోనింగెన్ అనే చిన్న నగరము ఈ విషయములో మనకొక పాఠము. 1977లో ఆ నగర మధ్యభాగాన్ని 4 భాగాలుగా చేశారు. ఒక భాగము నుండి మరొక భాగానికి కారు నేరుగా పోలేదు. బయటి రోడ్డు మీదుగా చుట్టి రావలసిందే. కాలినడకన, సైకిలు మీద వెళ్ళేవారికి మాత్రము తిన్నని దారి. వ్యాపారస్థులు మొదట ఎదిరించారు. అయినను ఆ పద్ధతి నిలిచింది. నేడు అక్కడ పనికీ, బడికీ ఎక్కువమంది సైకిలు మీదనే వెళ్తారు.

మన ప్రభువు గలిలయ గ్రామాలలో కాలినడకనే సంచరించెను. నడిచేవారిని మనము చులకనగా చూడవచ్చునా? ఈ ఆదివారము మందిరపు గేటుకు అడ్డముగా మన మోటారు సైకిళ్ళు నిలపకుందాము. వృద్ధురాలు రోడ్డు దాటువరకు ఆగుదాము. పొరుగువానిని ప్రేమించుట అక్కడనే మొదలగును.