గంగాదేవి కావ్యము – మన అవ్వల మాట

ఒట్టపిడారం పేరు చెప్పగానే మనకు ఇద్దరు మహనీయులు జ్ఞప్తికి వస్తారు. ఒకరు 1872లో ఈ ఊళ్ళో పుట్టి, 1906లో స్వదేశీ ఓడల కంపెనీ స్థాపించి, సముద్రముమీదనే తెల్లవారితో పోటీపడిన వ.ఉ. చిదంబరం పిళ్ళైగారు. మరొకరు చేరువనున్న పాంచాలంకురిచ్చి పాలెగాడు, మన తెలుగుబిడ్డ వీరపాండ్య కట్టబొమ్మనగారు. 1799లో కయత్తారులో ఆయనను ఉరితీసినారు. ఈ ఇద్దరినిగూర్చి కథలున్నవి, సినిమాలున్నవి, స్మారకమందిరములున్నవి. ఉండవలసినదే.

కాని విజయనగర సైన్యము మధురవైపు నడచివచ్చిన కథను మొదట కావ్యముగా కట్టినది ఒక స్త్రీ అని మన పిల్లలలో ఎందరికి తెలుసు? పిల్లలమాట అటుంచండి, పెద్దలలోనైనా ఎందరికి తెలుసు? ఆమె పేరు గంగాదేవి. బుక్కరాయల కుమారుడైన కంపరాయల భార్య. 14వ శతాబ్దిలో భర్త గావించిన దండయాత్రను సంస్కృతములో ‘మధురా విజయము’ అను పేర రచించినది. ‘వీరకంపరాయ చరితము’ అని దానికే మరొక పేరు.

కథ టూకీగా చెప్పుతాను. బుక్కరాయలు కుమారుని పిలిచి, ముందు తొండైమండలమును ఏలుతున్న శంబువరాయని గెలువుమని, పిమ్మట మధురకు పొమ్మని బోధించినాడు. కంపరాయలు శంబువరాయని జయించి కంచిలో నిలిచినాడు. అక్కడ ఋతువర్ణనలు, పూలకోతలు, జలక్రీడలు మొదలైన కావ్యమర్యాదలన్నీ నడచినవి. చంద్రోదయమువేళ రాజు భార్యవైపు తిరిగి, ఈ వెన్నెలను నీవు వర్ణించుమని అడుగుతాడు. ఆమె వర్ణిస్తుంది. కవయిత్రి తన కావ్యములో తానే పాత్రయై, తన నోటితోనే కవిత్వము చెప్పిన ఆ ఘట్టము ఎంత ముచ్చటైనదో చూడండి. రాణిగారిని వినోదముకొరకు పాడించినారని అనుకోరాదు. కవిత్వము చెప్పగలది గనుకనే భర్త అడిగినాడు.

తరువాతి ఘట్టము వేరు. ఒక స్త్రీ రాజునొద్దకు వచ్చి మధుర దుస్థితిని చెప్పుకొంటుంది. గుళ్ళలో మద్దెల మ్రోగినచోట నక్కలు కూస్తున్నవట. తోటలలో కొబ్బరిచెట్లు నరికివేసినారట. స్త్రీల స్నానముచే గంధపుచాయలో పారిన తామ్రపర్ణి ఇప్పుడు నెత్తురుచాయలో పారుతున్నదట. మనకు దక్షిణాన పారే తామ్రపర్ణియే అది. ఇంత చెప్పి ఆమె పాండ్యులనాటి దివ్యఖడ్గమును రాజు చేతికిచ్చి యుద్ధమునకు పురికొల్పుతుంది. మధుర సుల్తానుతో జరిగిన పోరుతో కథ ముగింపునకు వస్తుంది.

ఇది గెలిచినవారి ఆస్థానములో పుట్టిన కావ్యము. అట్టి కావ్యములలో శత్రువుల దోషములు కొండంతలు, నాయకుని గుణములు సముద్రమంతలు. కాబట్టి ప్రతి మాటను చరిత్రగా తీసికోరాదు, దానిని పట్టుకొని ఈనాటి ఇరుగుపొరుగువారిపై కత్తి నూరనూరాదు. అట్లని ఇదంతా కట్టుకథయనీ కాదు. కంపరాయల దండనాయకుడు గోపన్న 1371లో రంగనాథుని విగ్రహమును తిరిగి శ్రీరంగములో నిలిపిన సంగతి శాసనములో ఉన్నది. దండయాత్ర జరిగినమాట నిజము. దానిని దగ్గరనుండి చూచిన ఇంటి మనిషి చెప్పినది గనుక ఈ కావ్యమునకు ఆ విలువ కలదు.

తెలుగువారమైన మనకు ఇందులో మరొక ముచ్చట కలదు. కావ్యారంభములో ఆమె పూర్వకవులను స్తుతిస్తూ వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు, బాణుడు మొదలైనవారి వరుసలో తిక్కయ అను కవిని నిలిపినది. ఈ తిక్కయ మన తిక్కన సోమయాజియే అని పండితులు చెప్పుతారు. సంస్కృతకావ్యము వ్రాయుచున్న రాణి, కాళిదాసుతోపాటు ఒక తెలుగుకవికి పీట వేయుట సామాన్యవిషయము కాదు. దీనినిబట్టి ఆమె తెలుగింటి ఆడపడుచే అని ఊహించినవారున్నారు. ఊహ నిజమైనను కాకున్నను, తిక్కన కవిత్వము ఆమె చెవిని పడినదనుట మాత్రము స్పష్టము.

ఇంతటి కావ్యము ఎట్లు నిలిచినదో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. సుమారు ఐదువందల యాభై ఏండ్లు లోకమునకు దాని జాడ తెలియలేదు. 1916లో తిరువనంతపురములో ఒక పాత గ్రంథాలయములో పండిత రామస్వామి శాస్త్రిగారికి ఒకే ఒక్క తాళపత్రప్రతి దొరికినది. అదియు విడిగా లేదు. సంబంధములేని రెండు గ్రంథముల నడుమ ఒకే కట్టలో ఉన్నది. ఆకులు కొన్ని శిథిలమైనవి, పద్యములు కొన్ని తెగిపోయినవి. పిమ్మట అచ్చుపడినది. 1957లో అణ్ణామలై విశ్వవిద్యాలయము ఆంగ్లానువాదముతో ప్రకటించినది. ఆ ఒక్క కట్ట చెదలపాలై ఉంటే గంగాదేవి అనే పేరే మనకు తెలియదు. ప్రతి వ్రాసినవాడెవడో, దాచినవాడెవడో, వారికి మనము దండము పెట్టవలసినదే.

ఆ కాలములోనే సముద్రములకావల ఫ్రాన్సు దేశములో మరొక స్త్రీ కలము పట్టినది. ఆమె పేరు క్రిస్టీన్ ద పిజాన్. కంపరాయలు దక్షిణదేశములో యుద్ధములు చేయుచున్న రోజులలో, 1364లో, ఆమె వెనీసు నగరములో పుట్టినది. తండ్రి ఫ్రాన్సు రాజు ఐదవ చార్లెసు కొలువులో జ్యోతిష్కుడు. ఇరవైఐదేండ్లకే భర్త పోయినాడు. పిల్లలు, తల్లి, మేనకోడలు అందరి భారము ఆమెపై పడినది. భర్తకు రావలసిన సొమ్ముకొరకు ఏండ్ల తరబడి న్యాయస్థానములచుట్టు తిరిగినది. చివరకు కవిత్వమునే జీవనాధారము చేసికొన్నది. స్త్రీలను తూలనాడిన గ్రంథములను చదివి ఊరకుండక, 1405లో ‘స్త్రీల నగరము’ అను గ్రంథము వ్రాసినది. పురాణములనుండి, చరిత్రనుండి ఉత్తమస్త్రీలను ఏరి తెచ్చి, ఒక్కొక్కరి కథను ఒక్కొక్క రాయిగా పేర్చి కోటకట్టినట్లు అందులో కూర్చినది. 1429లో జోన్ ఆఫ్ ఆర్కు ఇంకను బ్రతికియుండగనే ఆమెపై పాట కట్టినది.

ఈ ఇద్దరిలో తేడా ఒకటి గమనించదగినది. క్రిస్టీన్ తన గ్రంథములకు ప్రతులు తానే దగ్గరుండి వ్రాయించి, బొమ్మలు వేయించి, రాణులకు, ప్రభువులకు సమర్పించినది. ఫ్రాన్సు రాణికిచ్చిన పెద్ద ప్రతి నేటికిని లండనులో భద్రముగా ఉన్నది. ‘స్త్రీల నగరము’ 1521లోనే ఆంగ్లములో అచ్చుపడినది. అయినను ఆ తరువాత వందలయేండ్లు ఆమె పేరు కొద్దిమంది పండితుల నోటనే మిగిలినది. అన్ని ప్రతులున్న ఆమె గతియే అది అయితే, ఒక్క ప్రతి మిగిలిన గంగాదేవి మాట చెప్పవలెనా?

తంజావూరు కథ విన్నా ఇదే తేటపడుతుంది. 18వ శతాబ్దిలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ వ్రాసి, పీఠికలో తన అవ్వను, మేనత్తను సగర్వముగా పేర్కొన్నది. 1887లో అచ్చువేసినవారు ఆ వంశవర్ణననే తీసివేసినారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి 1910లో పూర్తిగా అచ్చువేయించినారు. అంతట ప్రభుత్వము దానిని నిషేధించినది. ప్రకాశం పంతులుగారి కాలములోగాని ఆ నిషేధము తొలగలేదు. ఆడువారి వ్రాతకు చెదలొక్కటే శత్రువు కాదని దీనివలన తెలుస్తున్నది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. కంపరాయల తరువాత నాయకరాజులతోను, పాలెగాండ్రతోను తెలుగువారు ఈ నల్లరేగడి నేలకు తండోపతండములుగా వచ్చినారు. ఆ వలసకథను గ్రంథస్థము చేసినవారెవరు? కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైశెవల్ తెలుగుబిడ్డ కి. రాజనారాయణన్‌గారు. 1976లో వెలువడిన ఆయన ‘గోపల్ల గ్రామము’ అను తమిళనవలలో ఆ కథ చెప్పేది ఎవరు? నిండు వయసుగల ఒక అవ్వ. మనవలు చుట్టూ కూర్చుంటారు, ఆమె పూర్వపు ముచ్చట్లు చెప్పుతుంది. అవ్వల నోట ఉన్నది కాగితమెక్కినది గనుక నేడు ఎందరో చదువుతున్నారు. తెలుగులో చెప్పుకొన్న కథ తమిళములో నిలిచినది. భాష మారినా కథ దక్కినది.

మన ఇండ్లలో ఇంకను దక్కవలసినవి ఎన్ని లేవు! పెండ్లిలో నలుగు పెట్టేటప్పటి పాటలు, జోలపాటలు, జక్కమ్మపై పాటలు, కలుపుతీతలో పాడుకొన్న పదములు, ఏ ఊరినుండి ఎట్లు వచ్చినామో చెప్పే ముచ్చట్లు. అవన్నీ అవ్వల నాలుకపై ఉన్నవి. ఒక అవ్వ పోయిననాడు ఒక తాళపత్రపు కట్ట కాలిపోయినట్లే. గంగాదేవికి తిరువనంతపురములో ఒక్క కట్టయైనా మిగిలినది. మన అవ్వలకు ఆ ఒక్కటియు లేదు.

కావున సోదరసోదరీమణులకు నా మనవి ఒక్కటే. ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము కొని అవ్వ దగ్గర కూర్చోండి. తెలుగు లిపి రాకున్నచో తమిళ అక్షరములలోనే వ్రాసికోండి, తప్పు లేదు. పాట చివర పాడిన అవ్వ పేరు, ఊరు, సంవత్సరము వేయడము మాత్రము మరువకండి. పీఠికలో పేరు తీసివేసినవారి వరుసలో మనము చేరరాదు గదా. ఇక రెండవ ప్రతి వ్రాసి వేరొక ఇంట దాచండి. ఒక్క ప్రతిని నమ్ముకొంటే ఏమగునో గంగాదేవి కథ చెప్పనే చెప్పినది.