గ్యాలీ మీద గ్రంథం

గ్రంథరచన ముగిసిన నాడే గ్రంథకర్త పని ముగియదు. రాతప్రతి ముద్రణాలయానికి చేరి, అక్షరాల కూర్పుగా మారి, కాగితం మీద మళ్ళీ ఆయన చేతికి వస్తుంది. దానినే ప్రూఫు అంటారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చే రోజులలో కంపోజిటరు పేర్చిన పంక్తులను పొడవైన లోహపు పళ్ళెంలో ఉంచేవారు. ఆ పళ్ళెం పేరు గ్యాలీ. అక్షరాలకు సిరా పూసి, పైన కాగితం అద్ది తీసిన మొదటి ప్రతికి గ్యాలీ ప్రూఫు అన్న పేరు అలా వచ్చింది. అక్కడ మాట మార్చడం కొంత సులభం. పుటలుగా కట్టిన తరువాత మాత్రం ఒక్క పంక్తి చేర్చినా కింది పంక్తులన్నీ జరగవలసి వస్తుంది. జరిపిన ప్రతిసారీ కొత్త తప్పు పుట్టే అవకాశం ఉంది.

అచ్చులో దొర్లే తప్పులకు తెలుగువారు పెట్టుకొన్న పేరు ముద్రారాక్షసాలు. విశాఖదత్తుని సంస్కృత నాటకం 'ముద్రారాక్షసం'లో ముద్ర అంటే ఉంగరపు ముద్రిక. రాక్షసుడు నందుల మంత్రి. ఆ పేరును అచ్చుయంత్రానికీ, అక్షరాలను మింగే భూతానికీ అన్వయించిన చమత్కారి ఎవరో గాని, మాట స్థిరపడిపోయింది. 'అచ్చుతప్పులు' అన్న మాటనే తారుమారు చేసి 'అప్పుతచ్చులు' అనడం మరొక వేడుక. గుణింతాలకూ వత్తులకూ వేరువేరు దిమ్మెలు వాడిన తెలుగు కూర్పులో ఈ భూతానికి ఆహారం మరీ ఎక్కువ. ఒక్క వత్తు రాలితే చాలు, మధ్యవర్తి కాస్తా మద్యవర్తి అవుతాడు.

కొందరు రచయితలకు ప్రూఫు తప్పులు ఏరే కాగితం. మరికొందరికి అది మళ్ళీ రచన మొదలుపెట్టే కాగితం. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ ఈ రెండవ కోవకు చెందినవారు. 1904 జూన్ 16న డబ్లిన్ నగరంలో గడిచిన ఒక్క దినాన్ని ఆయన 'యులిసిస్' నవలలో చిత్రించారు. అందులోని భాగాలను ధారావాహికగా ప్రచురించినందుకు అమెరికాలోని ఒక పత్రిక సంపాదకులకు 1921లో న్యాయస్థానం జరిమానా విధించింది. దానితో ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో ఆ గ్రంథాన్ని అచ్చు వేయడానికి ధైర్యం చేసేవారు కరవయ్యారు. అప్పుడు ముందుకు వచ్చినవారు పారిస్‌లో చిన్న పుస్తకాల దుకాణం నడుపుతున్న అమెరికన్ మహిళ సిల్వియా బీచ్. ఆమెకు ప్రచురణలో పూర్వానుభవం లేదు. ముద్రణ బాధ్యతను ఫ్రాన్సులోని దిజాఁ పట్టణంలో ఉన్న మోరిస్ దరాంతియేర్ స్వీకరించారు.

అక్కడి కంపోజిటర్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు. ఇది పెద్ద లోపంగానే తోస్తుంది. అయితే భాష రానివాడు కంటికి కనిపించిన అక్షరాన్నే పేరుస్తాడు. భాష వచ్చినవాడు తాను ఊహించిన మాటను పేర్చే ప్రమాదం ఉంది. ఈ ప్రమాదం గ్రంథకర్తకు మరింత ఎక్కువ. తన వాక్యం తనకు కంఠస్థం కనుక, కాగితం మీద ఉన్నదానిని గాక మనస్సులో ఉన్నదానినే ఆయన చదువుతాడు. తన గ్రంథానికి తానే ప్రూఫులు దిద్దుకొనే రచయిత చేతిలో తప్పులు మిగిలిపోవడానికి అజాగ్రత్త కన్నా ఈ పరిచయమే ముఖ్యకారణం.

1921 జూన్ నుంచి ప్రూఫులు రావడం మొదలైంది. విశాలమైన అంచులున్న పెద్ద కాగితాలు అవి. జాయిస్ ఆ ఖాళీ అంచులను ఖాళీగా ఉంచలేదు. ఏళ్ళ తరబడి చిన్న కాగితాల మీద రాసి పెట్టుకొన్న మాటలను, పదబంధాలను వెదికి, పంక్తుల మధ్య నుంచి గీతలు లాగి అంచులలో చేర్చారు. వాడుకొన్న వాటిని రంగు పెన్సిళ్ళతో కొట్టివేస్తూ వచ్చారు. దిద్దిన కాగితం దిజాఁకు వెళ్ళి, కొత్త ప్రూఫుగా తిరిగివస్తే దాని మీద మళ్ళీ చేర్పులు చేసేవారు. ఒక్కొక్క భాగానికి ఇలా అనేక ప్రూఫులు నడిచాయి. వార్తాపత్రిక కార్యాలయంలో జరిగే అధ్యాయం ధారావాహికగా వచ్చినప్పుడు సాగిపోయే కథనం మాత్రమే. నేటి పాఠకుడు అందులో చూసే 60కి పైగా శీర్షికలు 1921లో ప్రూఫుల మీద పుట్టినవే. వార్తాపత్రికను అనుకరించే ఆ అధ్యాయ స్వరూపమే గ్యాలీ మీద మారిపోయింది. నవలలో మూడవ వంతు ప్రూఫుల మీదనే రాసినట్లు జాయిస్ తనతో చెప్పారని సిల్వియా బీచ్ తమ జ్ఞాపకాలలో పేర్కొన్నారు.

ఇందుకు అయ్యే వ్యయం సామాన్యమైనది కాదు. కూర్చిన సీసాన్ని విప్పి మళ్ళీ కూర్చడమంటే కూలి రెట్టింపు కావడమే. ముద్రాపకుడు ఈ విషయమై హెచ్చరించినా, జాయిస్ ఎన్ని ప్రూఫులు కోరితే అన్నీ ఇవ్వవలసిందని బీచ్ ఆదేశించారు. దుకాణం ఆదాయం మీద బతికే మనిషి ఇచ్చిన మాట అది. నవల చదివినవారు జాయిస్ ప్రతిభను కొనియాడుతారు గాని, ఈ మాటను తలచుకొనేవారు తక్కువ.

జాయిస్‌కు ఆ సంవత్సరం కంటిజబ్బు తిరగబెట్టింది. వేసవిలో కొన్ని వారాలు పని దాదాపు ఆగిపోయింది. విచిత్రమేమిటంటే మొదటి అధ్యాయాల ప్రూఫులు వస్తున్నప్పటికి చివరి అధ్యాయాల రచనే పూర్తి కాలేదు. ఒక చేత్తో రాస్తూ, మరొక చేత్తో దిద్దుతూ, నవంబరులో డబ్లిన్‌లోని మేనమామ భార్యకు ఆయన ఉత్తరం రాశారు. ఎక్లిస్ వీధి 7వ నంబరు ఇంటి ముందరి కటకటాలు దాటి ఒక మనిషి దెబ్బ తగలకుండా కిందికి దిగగలడా అన్నది అందులోని ప్రశ్న. కథానాయకుడు బ్లూమ్ తాళంచెవి మరచిపోయి అలాగే ఇంట్లోకి దిగాలి మరి.

1922 ఫిబ్రవరి 2 జాయిస్ 40వ పుట్టినరోజు. ఆనాటికి పుస్తకం చేతికి రావాలని ఆయన పట్టుదల. జనవరి చివరి రోజుల దాకా దిద్దుబాట్లు వెళుతూనే ఉన్నాయి. అట్ట గ్రీకు జెండాలోని నీలిరంగులో ఉండాలన్న కోరిక కోసం దరాంతియేర్ జర్మనీ దాకా వెదికారు. చివరికి రెండు ప్రతులను దిజాఁ రైలులో గార్డు చేతికి ఇచ్చి పంపగా, బీచ్ ఉదయాన్నే స్టేషనుకు వెళ్ళి అందుకొన్నారు. ఒకటి జాయిస్‌కు చేరింది. రెండవది దుకాణం కిటికీలో నిలిచింది. మొత్తం వేసినవి 1000 ప్రతులు. తప్పులను మన్నించవలసిందిగా పాఠకులను కోరే విన్నపం మొదటి ముద్రణలోనే ఉంది. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన ముద్రణకు తప్పొప్పుల పట్టికను జతచేయవలసి వచ్చింది.

ముద్రారాక్షసాలతో ఇంతగా పోరాడిన ఈ రచయిత తన కథలోకి వాటిని తానే ఆహ్వానించారు. నవలలోని సాయంకాలపు పత్రిక ఒక అంత్యక్రియల వార్తలో బ్లూమ్ పేరును 'బూమ్' అని అచ్చువేస్తుంది. పత్రికలకు ప్రకటనలు సేకరించే ఆ మనిషికి తన పేరులోని అక్షరం పోవడం కొంత చిరాకు కలిగిస్తుంది. ఆ తప్పు పదిలంగానే నిలిచింది. మరొకదానికి ఆ అదృష్టం లేదు. కథలోని స్టీఫెన్‌కు తల్లి మరణశయ్య మీద ఉన్నదని తండ్రి పంపిన తంతిలో, తల్లి అనే అర్థమిచ్చే 'మదర్' మాటకు తొలి అక్షరం మారి 'నదర్' అని ఉండాలని జాయిస్ సంకల్పం. తంతి కార్యాలయం చేసిన పొరపాటుగా ఆయన దానిని కల్పించారు. 1922 ముద్రణలో అది 'మదర్'గా సరిదిద్దబడి వెలువడింది. సరిదిద్దిన చేయి ఎవరిదైనా, ఉద్దేశం మంచిదే. 1984లో జర్మన్ పండితుడు హాన్స్ వాల్టర్ గాబ్లర్ రాతప్రతులనూ ప్రూఫులనూ పోల్చి పరిష్కరించిన ప్రతిలో ఆ తప్పు మళ్ళీ తన స్థానానికి వచ్చింది. గాబ్లర్ పరిష్కరణ మీద 1988లో అమెరికన్ పండితుడు జాన్ కిడ్ తీవ్ర విమర్శలు చేయడంతో, ఆ నవలకు ప్రామాణికమైన ప్రతి ఏది అన్న వాదం పండితుల మధ్య సాగింది.